పెద్ద అంకెల బోర్డు కట్టబోతున్న మేనకోడలికి

చి. శ్రావణికి,

మామయ్య ఆశీస్సులు. కాలేజీ కబడ్డీ పోటీలకు స్కోరు బోర్డు నువ్వే కడుతున్నావని మీ అమ్మ చెప్పింది. నువ్వు పంపిన బొమ్మ చూశాను. రెండు జట్లకూ రెండేసి అంకెలు, మధ్యలో గడియారానికి నాలుగు, కింద రైడ్ సెకన్లకు రెండు, మొత్తం పది. ఒక్కొక్కటి అయిదంగుళాల ఎత్తు. కొలత సరిపోతుంది. అంగుళం ఎత్తుకు పాతిక అడుగుల దూరం అని ఒక మోటు లెక్క ఉంది. ఆ ప్రకారం నూట పాతిక అడుగుల అవతల నుంచి చదవవచ్చు. కబడ్డీ కోర్టు పొడవే 13 మీటర్లు కాబట్టి చుట్టూ కూర్చున్నవాళ్లందరికీ కనబడుతుంది.

కానీ నువ్వు అడిగినవన్నీ ప్రోగ్రాం ప్రశ్నలే. ఏ లైబ్రరీ వాడాలి, బోర్డును నడిపే మైక్రోకంట్రోలర్‌గా ఆర్డుయినో ఊనో చాలుతుందా, వైఫై ఉన్న ఈఎస్‌పీ32 కొనాలా అని. అవన్నీ ఆఖర్న తేలవలసినవి. అంకెలకు ఎంత వోల్టేజీ కావాలి, ఎంత కరెంటు కావాలి అన్నది ముందు తేల్చుకుంటే మిగతావి వాటంతట అవే తేలిపోతాయి. ప్రోగ్రాంలో తప్పు చేస్తే మళ్లీ ఎక్కించుకోవచ్చు. కరెంటు దగ్గర తప్పు చేస్తే కొత్త అంకె కొనాలి. అందుకే ఈ ఉత్తరంలో ఎక్కువ భాగం కరెంటు గురించే ఉంటుంది. విసుక్కోకుండా చదువు.

ల్యాబులో నువ్వు వెలిగించిన చిన్న అంకెలో ఒక్కో సెగ్మెంటుకు, అంటే అంకెను కూర్చే ఏడు గీతల్లో ఒక్కోదానికి, ఒకే ఎల్‌ఈడీ ఉంటుంది. పెద్ద అంకెలో ఒక్కో సెగ్మెంటు వెనుక కొన్ని ఎల్‌ఈడీలు వరుసగా, అంటే సిరీస్‌లో, ఉంటాయి. ఎర్ర ఎల్‌ఈడీ ఒక్కొక్కటి సుమారు 2 వోల్టులు తీసుకుంటుంది. నాలుగు వరుసగా ఉంటే 8 వోల్టులు. ఊనో పిన్ ఇచ్చేది 5 వోల్టులే. ఎన్ని పిన్నులు కలిపినా ఆ సెగ్మెంటు వెలగదు. పైగా ఊనోలోని చిప్ ఒక్కో పిన్ను మీద 40 మిల్లీఆంపియర్లు దాటితే పాడవుతుంది, 20 లోపు ఉంచడం క్షేమం. చిప్ మొత్తం మీద 200 దాటకూడదు. నీ బోర్డుకు ఆంపియర్లలో కావాలి. కాబట్టి మైక్రోకంట్రోలర్ చెప్పేది చెబుతుంది, కరెంటు మోసేది వేరొకటి ఉండాలి.

అంకెలు చేతికి రాగానే ఆర్డుయినోను డబ్బాలోనే ఉంచి మల్టీమీటర్ తీయి. 12 వోల్టుల సప్లై, ఒక 1 కిలో ఓము రెసిస్టర్ చాలు. అంకెలోని సెగ్మెంట్లన్నిటికీ ఉమ్మడిగా ఉండే కామన్ పిన్నును ప్లస్‌కు కలుపు. రెసిస్టర్ ఒక కొసను మైనస్‌కు, రెండో కొసను ఒక్కో సెగ్మెంటు పిన్నుకు తాకించు. వెలిగితే అది కామన్ యానోడ్ అంకె, అంటే సెగ్మెంట్ల ప్లస్ కొసలన్నీ ఒక్కచోట కలిసినది. నీకు కావలసింది అదే, ఎందుకో తరవాత చెబుతాను. వెలుగుతున్నప్పుడు ఆ సెగ్మెంటు రెండు కొసల మధ్య వోల్టేజీ కొలువు. ఏడున్నరకూ ఎనిమిదికీ మధ్య చూపితే నాలుగు ఎల్‌ఈడీల వరుస అన్నమాట. తరవాత సెగ్మెంటులో కనబడే వెలుగు చుక్కలను లెక్కపెట్టు. ఎనిమిది చుక్కలు ఉండి మీటరు 8 చూపితే నాలుగేసి చొప్పున రెండు వరుసలు పక్కపక్కన ఉన్నట్టు. ఒక్కో వరుసకు 20 చొప్పున సెగ్మెంటుకు 40 మిల్లీఆంపియర్లు కావాలి. ఏ పిన్ను ఏ సెగ్మెంటుదో ఇదే సమయంలో కాగితం మీద రాసుకో. దుకాణంలో ఇచ్చే బొమ్మను నమ్మకు.

ఇక రెసిస్టర్ లెక్క. 12 లోంచి 8 తీసేస్తే 4 వోల్టులు మిగిలాయి. 4ను 0.04తో భాగిస్తే 100 ఓములు. చాలామంది ఇక్కడ ఆగిపోయి పావు వాట్ రెసిస్టర్లు కొనుక్కొస్తారు. ఒక్కో రెసిస్టర్‌లో 0.16 వాట్ వేడి పుడుతుంది. పావు వాట్‌ది కాలిపోదు గానీ, ఎండలో మూసిన పెట్టెలో గంటల తరబడి ఉడుకుతుంది. అర వాట్‌వి కొను, ధరలో తేడా పైసల్లోనే. పది అంకెలకు డెబ్బయి రెసిస్టర్లు, అన్నీ వెలిగితే పదకొండు వాట్ల వేడి. పెట్టెకు గాలి రంధ్రాలు ఎందుకు కావాలో ఇక వేరే చెప్పక్కరలేదు.

రెసిస్టర్లు మిగుల్చుకుందామని అంకెకు ఒక్కటే కామన్ పిన్ను దగ్గర పెట్టే ఆలోచన వస్తుంది. పెట్టకు. అలా చేస్తే 1 భగ్గున వెలుగుతుంది, 8 నీరసంగా కనబడుతుంది. సెగ్మెంటుకు ఒకటి తప్పదు.

దశాంశ చుక్క విషయంలో మరింత జాగ్రత్త. చాలా పెద్ద అంకెల్లో చుక్క వెనుక రెండే ఎల్‌ఈడీలు ఉంటాయి, అంటే 4 వోల్టులే. దానికీ 100 ఓములే పెడితే 80 మిల్లీఆంపియర్లు పారి చుక్క మాడిపోతుంది. ఒకే వరుస అయితే 390 ఓములు పెట్టాలి. చుక్కతో నీకు పనేమిటి అంటావేమో. ఉంది. గడియారంలో నిమిషాలకూ సెకన్లకూ మధ్య రెండు చుక్కలు కావాలి కదా. మూడో అంకెను తలకిందులుగా బిగించు. రెండో అంకె చుక్క కింద కుడివైపున ఉంటుంది, తలకిందులైన మూడో అంకె చుక్క పైన ఎడమవైపుకు వస్తుంది. రెండూ కలిసి ఒకదానిపైన ఒకటిగా నిలుస్తాయి. అంకెలు ఒక పక్కకు వాలి ఉన్నా పూర్తిగా తిప్పినప్పుడు ఆ వాలు మారదు కనుక ఎబ్బెట్టుగా ఉండదు. సెగ్మెంట్లకు పై గీత నుంచి గడియారం తిరిగే దిశలో ఎ నుంచి ఎఫ్ దాకా, మధ్య గీతకు జి అని పేర్లు. ప్రోగ్రాంలో మాత్రం ఆ ఒక్క అంకెకు ఎ, డి సెగ్మెంట్లు తారుమారు చేయాలి. అలాగే బిని ఇతో, సిని ఎఫ్‌తో. జి ఉన్నచోటే ఉంటుంది.

ఇప్పుడు కరెంటు మోసే చిప్ సంగతి. నా ఓటు టీపీఐసీ 6బీ595కి. లోపల షిఫ్ట్ రిజిస్టర్, అంటే ఒక్క తీగ మీద వరుసగా వచ్చే బిట్లను ఎనిమిది అవుట్‌పుట్లకు పంచేది, దాని వెనుక ఎనిమిది పవర్ ట్రాన్సిస్టర్లు ఉంటాయి. ఒక్కో అవుట్‌పుట్ 150 మిల్లీఆంపియర్లు మోస్తుంది, 50 వోల్టుల దాకా తట్టుకుంటుంది. అంకెకు ఒక చిప్ చాలు. ఇది కరెంటును గ్రౌండ్‌కు, అంటే మైనస్ వైపుకు, లాగగలదు గానీ ప్లస్ వైపు నుంచి ఇవ్వలేదు. కామన్ యానోడ్ అంకెలు కొనమన్నది అందుకే. ఇది 20 పిన్నుల చిప్, అందులో 10, 11, 19 మూడూ గ్రౌండే. మూడింటినీ కలపాలి, ఒకటి చాలులే అనుకోకూడదు. హైదరాబాద్ వెళ్తే కోఠిలోని గుజరాతీ గల్లీలో అడిగి చూడు. దొరక్కపోతే 74హెచ్‌సీ595 అనే మామూలు షిఫ్ట్ రిజిస్టర్, దాని వెనుక కరెంటు మోసే యూఎల్‌ఎన్2803 అనే జంట ఉంది. పాత పద్ధతే అయినా నమ్మకమైనది. కాకపోతే అంకెకు రెండు చిప్‌లు అవుతాయి. యూఎల్‌ఎన్ తన వంతుగా సుమారు ఒక వోల్టు తినేస్తుంది కనుక రెసిస్టర్ 75 ఓములకు దిగుతుంది. 74హెచ్‌సీ595ను ఒంటరిగా మాత్రం పెట్టకు, ఆ చిప్ మొత్తం మీద మోయగలిగేది 70 మిల్లీఆంపియర్లే.

మ్యాక్స్7219 అనే అంకెలు నడిపే చిప్ వాడితే వైర్లు తగ్గుతాయని ఎవరో చెప్పారన్నావు. అది మంచి చిప్పే, నీ పనికి మాత్రం కాదు. మైనస్ కొసలు కలిసిన కామన్ క్యాథోడ్ అంకెలకు, 5 వోల్టులకు చేసినది. అదీగాక అంకెలను ఒకదాని తరవాత ఒకటిగా వెలిగించి ఆర్పుతూ కంటిని మభ్యపెడుతుంది. ఎనిమిది అంకెలను అలా వెలిగిస్తే ఒక్కొక్కటి ఎనిమిదో వంతు కాలమే వెలుగుతుంది. రాత్రి ఇంట్లో బాగుంటుంది, మధ్యాహ్నం మైదానంలో వెలవెలబోతుంది. ఈ రోజుల్లో ప్రతివాడూ ఫోనుతో వీడియో తీస్తాడు. అందులో సగం అంకెలు మాయమై కనిపిస్తాయి. ఆరుబయట బోర్డుకు అంకెలన్నీ ఎప్పుడూ వెలిగే ఉండాలన్నది నా పట్టుదల.

పది చిప్‌లను గొలుసుగా కట్టాలి. ఇటుకలు చేతులు మార్చుకునే కూలీల వరుసలాగే మొదట పంపిన అంకె అందరికంటే చివరి చిప్‌కు చేరుతుంది. బిట్లను ముందుకు జరిపే క్లాక్, చేరిన బిట్లను ఒక్కసారిగా అవుట్‌పుట్లకు ఎక్కించే లాచ్ తీగలు పదింటికీ ఉమ్మడి, డేటా మాత్రం ఒకదాని నుంచి మరొకదానికి. ప్రతి చిప్ పక్కనే 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ టంకం వేయి. ఇది అలంకారం కాదు. లేకపోతే అంకెలు మారినప్పుడల్లా పిచ్చి అక్షరాలు కనబడతాయి. 12 వోల్టుల తీగకు రెండు కొసలా 1000 మైక్రోఫారడ్‌వి పెట్టు. టీపీఐసీ చిప్‌లో జి అనే తొమ్మిదో పిన్ను వోల్టేజీ సున్నా దగ్గర ఉంటేనే అవుట్‌పుట్లు పనిచేస్తాయి. దాన్ని 10 కిలో ఓముల రెసిస్టర్‌తో 5 వోల్టులకు కట్టి, ఆర్డుయినోలో వేగంగా వెలిగించి ఆర్పుతూ వెలుగు తగ్గించే పీడబ్ల్యూఎం పిన్నుకు కలుపు. స్విచ్ వేయగానే రిజిస్టర్లలో ఉండే చెత్త బోర్డు మీద కనబడదు, సాయంత్రం వెలుగు తగ్గించుకోవడమూ కుదురుతుంది. ఇది తిరగేసిన లెక్క అని గుర్తుంచుకో, సున్నా రాస్తే పూర్తి వెలుగు.

ఊనోనా ఈఎస్‌పీ32నా అన్న ప్రశ్నకు జవాబు ఇప్పుడు ఇస్తాను. టీపీఐసీ చిప్ 5 వోల్టుల మీద నడుస్తూ, తన సప్లైలో 85 శాతం, అంటే 4.25 వోల్టులు వస్తేనే దాన్ని ఒకటిగా ఒప్పుకుంటానంటుంది. ఈఎస్‌పీ32 పిన్ను ఇచ్చేది 3.3. బల్ల మీద పనిచేసినట్టే పని చేసి మైదానంలో మొరాయిస్తుంది. మధ్యలో 3.3ను 5 వోల్టులకు పెంచే 74హెచ్‌సీటీ245 చిప్ పెడితే కుదురుతుంది గానీ, నీకు వైఫై అవసరం లేనప్పుడు ఆ తంటా ఎందుకు? ఊనో లేదా దాని చిన్న రూపమైన నానో తీసుకో.

సప్లై లెక్క చూద్దాం. అన్నీ 8 చూపిస్తే డెబ్బయి సెగ్మెంట్లకు 2.8 ఆంపియర్లు. ఇంటి కరెంటును 12 వోల్టులకు మార్చే ఎస్‌ఎమ్‌పీఎస్ సప్లై 5 ఆంపియర్లది తీసుకుంటే ఊపిరాడుతుంది. ఆర్డుయినోకు 5 వోల్టుల కోసం 12ను దించే ఎల్‌ఎమ్2596 మాడ్యూల్ పెట్టు. బోర్డుకు కలపకముందే మీటరు పెట్టి 5కు తిప్పుకో. ఆ మాడ్యూల్ దుకాణం నుంచి ఎన్ని వోల్టుల మీద వస్తుందో దేవుడికే ఎరుక. రెండు సప్లైల గ్రౌండ్లూ కలిసి ఉండాలి.

ప్రోగ్రాం నిజానికి చిన్నది. సెగ్మెంటుకొక బిట్ చొప్పున, ఎ సెగ్మెంటును మొదటి బిట్‌గా పెట్టుకుని వెలగవలసినవాటిని సంఖ్యగా రాస్తే 0కు 63, 1కి 6, 2కు 91, 3కు 79, 4కు 102, 5కు 109, 6కు 125, 7కు 7, 8కి 127, 9కి 111. ఆ పట్టిక ఒకటి, బిట్లను పంపే షిఫ్ట్ అవుట్ అనే ఆజ్ఞ ఒకటి, అంతే. లైబ్రరీ అక్కరలేదు. స్కోరు మారినప్పుడే కాకుండా సెకనుకు పదిసార్లు మొత్తం పది అంకెలనూ మళ్లీ పంపుతూ ఉండు. ఏ మోటారు స్విచ్చో పడి ఒక బిట్ చెడినా రెప్పపాటులో అదే సర్దుకుంటుంది.

గడియారాన్ని ప్రోగ్రాంను ఆపి ఉంచే డిలే ఆజ్ఞతో నడపవద్దని మీ మాస్టారు చెప్పే ఉంటారు. స్విచ్ వేసినప్పటి నుంచి మిల్లీసెకన్లు లెక్కపెట్టే మిల్లీస్‌ను కూడా పూర్తిగా నమ్మకు. ఊనోలో ప్రధాన చిప్‌కు ఉన్నది క్వార్ట్జ్ కాదు, సిరామిక్ రెసొనేటర్. దానికి అర శాతం దాకా తేడా ఉండవచ్చు. ఇరవై నిమిషాల సగం ఆటకు అది ఆరు సెకన్లు. ముప్ఫయి సెకన్ల రైడ్‌లో ఎవరికీ తెలియదు గానీ, ఆఖరి నిమిషంలో ఒక పాయింటు తేడాతో ఆట నడుస్తుంటే రిఫరీ చేతి గడియారం పక్కన నీ బోర్డు నవ్వులపాలవుతుంది. డీఎస్3231 అనే గడియారపు మాడ్యూల్ కొని, దాని స్క్వేర్ వేవ్ పిన్ను నుంచి సెకనుకొక పల్స్ తీసుకుని లెక్కపెట్టు. ఆ పిన్నుకు పుల్ అప్ రెసిస్టర్, అంటే ప్లస్‌కు కట్టే రెసిస్టర్, కావాలి, మరిచిపోకు.

స్కోరర్ బల్లకూ బోర్డుకూ మధ్య ఇరవై, ముప్ఫయి మీటర్లు ఉంటుంది. బటన్ తీగలను గానీ డేటా తీగలను గానీ అంత దూరం లాగకు. బల్ల దగ్గర ఒక నానో, బోర్డులో ఒకటి, మధ్యలో దూరానికి సందేశాలు మోసే మ్యాక్స్485 మాడ్యూళ్ల జత, నెట్‌వర్క్ కేబుల్. బల్ల నుంచి పంపేది ‘ఒకటి కలుపు’ అన్న ఆజ్ఞ కాకూడదు, స్కోరు మొత్తం పంపాలి, అదీ పదేపదే. ఆజ్ఞ ఒకటి దారిలో పోతే స్కోరు ఆట అయ్యేదాకా తప్పే.

పెట్టె ముందు భాగానికి ముదురు ఎరుపు ఆక్రిలిక్ షీటు, లోపల మెరుపులేని నలుపు రంగు వేయించు. ఎండలో అంకె చదవగలగడానికి ఇంకో ఆంపియర్ కరెంటు పోయడం కన్నా ఇదే ఎక్కువ ఉపయోగం. పైన రెండంగుళాల చూరు కూడా పెట్టించు.

టంకం మొదలుపెట్టే ముందు ఒక్క అంకె, ఒక్క చిప్ బ్రెడ్‌బోర్డు మీద పెట్టి 8 చూపిస్తూ గంటసేపు వదిలేయి. రెసిస్టర్ల మీద వేలు పెట్టి చూడు. వేలు ఉంచలేకపోతే లెక్క మళ్లీ చూసుకో.

230 వోల్టుల వైపు పని మాత్రం మీ కాలేజీ ఎలక్ట్రీషియన్ చేత చేయించు. ఎస్‌ఎమ్‌పీఎస్ టెర్మినళ్ల మీద మూత, పెట్టెకు ఎర్త్ తప్పనిసరి. కొన్ని ఎస్‌ఎమ్‌పీఎస్‌లకు పక్కన 110, 220 అని చిన్న స్విచ్ ఉంటుంది. అది 110 వైపు ఉండగా ప్లగ్ పెడితే సప్లై పేలుతుంది. కొన్న రోజే ప్లగ్ పెట్టకుండా దాని మీది చీటీ, ఆ స్విచ్ రెండూ కనబడేలా ఫొటో తీసి నాకు పంపు.

మామయ్య