ఏడో నెలలో కొలెస్ట్రాల్ 262: నెయ్యి మానేయాలా?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. నా వయసు 27. తొలి కాన్పు, ఇప్పుడు 30 వారాలు. మూడు వారాల క్రితం రక్తం తక్కువగా ఉందేమో చూపించుకుందామని ల్యాబ్‌కు వెళితే, ప్యాకేజీ అయితే చవకగా వస్తుందని చెప్పి అన్ని పరీక్షలూ కలిపి చేశారు. కొలెస్ట్రాల్ 262, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో తిరిగే కొవ్వు) 245, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్ అంటారే, అది) 151, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 62 వచ్చాయి. మొదటి మూడు అంకెల పక్కన ‘హెచ్’ (హై, అంటే ఎక్కువ) అని లావు అక్షరంతో అచ్చయింది. పెళ్లికి ముందు ఆఫీసులో చేయించిన పరీక్షలో కొలెస్ట్రాల్ 178, ట్రైగ్లిజరైడ్లు 104 ఉన్నాయి. మా నాన్నగారికి 62వ ఏట గుండెకు స్టెంట్ వేశారు. అది గుర్తుకొచ్చి మా వారూ అత్తయ్య గారూ కంగారుపడి నాకు నూనె, నెయ్యి, గుడ్డు, చేప, పాలు అన్నీ ఆపేశారు. పొద్దున ఇడ్లీ, పంచదార వేసిన బత్తాయి రసం, మధ్యాహ్నం మజ్జిగన్నం, రాత్రి జావ. మూడు వారాల్లో కిలో తగ్గాను. మా అమ్మేమో నెయ్యి తాగితేనే కాన్పు సులువవుతుందంటోంది. సీమంతానికి చలిమిడి, సున్నుండలు తెస్తోంది. నేను ఎవరి మాట వినాలి? నాన్నగారు వేసుకునే అటోర్వాస్టాటిన్ మాత్ర సగం వేసుకోవచ్చా? ఇంట్లో నలుగురికి నెలకు 5 లీటర్ల పొద్దుతిరుగుడు నూనె డబ్బా సరిపోతుంది. నూనె మార్చమంటారా? (పేరు, ఊరు వేయవద్దు.)

జవాబు: ముందు మాత్ర సంగతి తేల్చేద్దాం. మీ నాన్నగారి మందుల డబ్బా మూత తీయకండి. సగం కాదు, పావు కూడా వద్దు. కాలేయంలో కొలెస్ట్రాల్ తయారీని అడ్డుకునే మందు అది. కడుపులో బిడ్డ పెరగడానికి కావలసిన ముడిసరుకుల్లో కొలెస్ట్రాల్ ఒకటి. గర్భమని తెలియక కొద్దిరోజులు ఈ మాత్రలు వేసుకున్నవారు బెంబేలు పడనక్కర్లేదు, ఆపేసి డాక్టరుకు చెబితే చాలు. గుండెకు ముప్పు మరీ ఎక్కువగా ఉన్న కొద్దిమంది విషయంలో నిపుణులు వేరేగా ఆలోచించే వీలుండాలని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2021లో ఈ మందులపై ఉన్న సంపూర్ణ నిషేధాన్ని సడలించింది. మిగతా గర్భిణులు ఆపేయాలన్న సలహాను మాత్రం మార్చలేదు. మీరు ఆ కొద్దిమందిలో లేరు. ఆ మాట ఇంత గట్టిగా చెప్పడానికి మీరే ఆధారం పంపారు: ఆ ఆఫీసు రిపోర్టు.

పుట్టుకతో వచ్చే కొలెస్ట్రాల్ జబ్బు ఒకటుంది, అది వంశపారంపర్యం. మీ నాన్నగారి స్టెంట్ సంగతి చదవగానే నాకు మొదట తట్టింది అదే. కానీ అది ఉన్నవారికి చిన్న వయసు నుంచే ఎల్‌డీఎల్ మితిమీరి ఉంటుంది. పెళ్లికి ముందు మొత్తం కొలెస్ట్రాలే 178 ఉన్న మనిషికి ఆ జబ్బు ఉందని అనుకోలేం. పైగా మగవారిలో 55 ఏళ్లలోపు గుండెజబ్బు వస్తే వంశం వైపు అనుమానంగా చూస్తాం. మీ నాన్నగారు అది దాటారు.

మరి 178 కాస్తా 262 ఎందుకైంది? గర్భం వచ్చింది కనుక అయింది. అంతకు మించి కారణం వెతకనక్కర్లేదు. చివరి నెలల్లో కొలెస్ట్రాల్ మామూలు కంటే 25 నుంచి 50 శాతం పెరుగుతుంది. ట్రైగ్లిజరైడ్లు రెండింతలు, మూడింతలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే అవుతాయి. మీ లెక్క వేసి చూశాను. కొలెస్ట్రాల్ 47 శాతం పెరిగింది, ట్రైగ్లిజరైడ్లు రెండింతలు దాటి కొంచెం. పుస్తకంలో రాసినట్టే ఉంది. ల్యాబ్ యంత్రానికి మీ కడుపులో బిడ్డ ఉన్న సంగతి తెలియదు. పక్కన అచ్చయిన ‘200 లోపు’, ‘150 లోపు’ అన్నవి గర్భం లేనివారి హద్దులు. వాటిని దాటితే ‘హెచ్’ కొట్టడం దాని పని. గర్భిణులందరికీ ఈ పరీక్ష చేయించాలని మేము అడగం కూడా. చవక ప్యాకేజీ ఇంత కంగారు తెచ్చిపెట్టిందంటే, నా లెక్కలో అది చవక కాదు.

ఒంట్లో జరుగుతున్నది ఇదీ. మొదటి నెలల్లో శరీరం కొవ్వును దాచుకుంటుంది, పండగకు నెల ముందే సరుకులు కొని పెట్టుకున్నట్టు. ఆరో నెల దాటాక తాళం తీస్తుంది. మాయ నుంచి వచ్చే హార్మోన్లు తల్లి ఒంట్లో ఇన్సులిన్ పట్టును సడలిస్తాయి, దాచిన కొవ్వు కరిగి రక్తంలోకి వస్తుంది. ఈస్ట్రోజెన్ ప్రభావంతో కాలేయం కూడా ట్రైగ్లిజరైడ్లను ఎక్కువగా తయారుచేసి వదులుతుంది. అలా తల్లి శరీరం తన అవసరాలకు కొవ్వును వాడుకుని, గ్లూకోజును బిడ్డకు వదిలిపెడుతుంది. మీరు భయపడుతున్న ఎల్‌డీఎల్‌ను మాయ పట్టి లాక్కుని దానితో ప్రొజెస్టెరాన్ తయారుచేసుకుంటుంది. గర్భం నిలబడి ఉండటానికి ఆ హార్మోనే దన్ను. బిడ్డ మెదడు వేగంగా పెరిగేదీ ఈ మూడు నెలల్లోనే, మెదడుకు కొవ్వు కావాలి. ఎ, డి, ఇ, కె విటమిన్లు ఒంటికి పట్టాలన్నా తిండిలో కాస్త కొవ్వు ఉండాలి.

కాబట్టి మీ రిపోర్టు నన్ను కలవరపెట్టలేదు. మీ పళ్లెం కలవరపెట్టింది.

ఈ దశలో వారానికి అటూఇటూగా 400 గ్రాములు పెరగవలసిన మీరు మూడు వారాల్లో కిలో తగ్గారు. అంటే రెండు కిలోలకు పైగా తేడా. ఈ వారంలోనే మీ గైనకాలజిస్టు దగ్గరకు వెళ్లి బిడ్డ ఎదుగుదల చూపించుకోండి, అవసరమనుకుంటే స్కానింగ్ రాస్తారు. ఇంకొకటి. నూనె తీసేసి ఆ ఖాళీని దేనితో నింపారు? ఇడ్లీ, అన్నం, జావ, పంచదార రసం. ట్రైగ్లిజరైడ్లు అనగానే అందరూ నేతి గిన్నె వైపు చూస్తారు. కానీ వాడకానికి మించి వచ్చిన పిండిపదార్థాన్నీ చక్కెరనూ కాలేయం కొవ్వుగా మార్చి రక్తంలోకి పంపుతుంది. అలా చేరిందీ ట్రైగ్లిజరైడే. మన తెలుగు ఇళ్లలో ఈ అంకె పెరగడానికి నెయ్యి కంటే కుప్పగా పెట్టుకునే తెల్లన్నం, తీపి టీలు, పళ్ల రసాలు ఎక్కువ దోహదం చేస్తున్నాయని నా అభిప్రాయం. బత్తాయిని తొనలుగా ఒలుచుకుని తినండి. రసం తీసి, పీచు పారేసి, పైన పంచదార చల్లితే అది పండు కింద లెక్కకు రాదు.

ఇక మీ అమ్మగారి మాట. ఆవిడకు సగం మార్కులు వేస్తాను. నెయ్యి తింటే కాన్పు జారినట్టు అవుతుందన్నది నిజం కాదు. మింగిన నెయ్యి పేగుల్లో జీర్ణమై రక్తంలో కలుస్తుంది. అక్కడి నుంచి గర్భసంచి ముఖద్వారానికి నూనె రాసే దారి ఒంట్లో ఎక్కడా లేదు. చెంచాడు నెయ్యి 5 గ్రాములు, 45 కేలరీలు. అందులో సగానికి పైగా సంతృప్త కొవ్వే. అందుకని గ్లాసులో పోసుకుని తాగడం వద్దు. వేడి అన్నంలో పప్పు మీద ఒక చెంచా, రాత్రికి ఇంకో చెంచా, అంతే. అది మీకు హాని చేయదు, ముద్ద కూడా దిగుతుంది.

చలిమిడి వద్దని చెప్పి మీ అమ్మగారి మనసు కష్టపెట్టను. కడుపు చలవ కోసం పుట్టింటివారు పెట్టే ముద్దను కాదనడానికి డాక్టరు ఎవరు? నిమ్మకాయంత తినండి. సీమంతం ఒక్క రోజే. సారె డబ్బాలు మాత్రం పక్షం రోజులు వంటింటి అలమరలో ఉంటాయి, చిక్కంతా అక్కడే. తడిబియ్యప్పిండి, బెల్లం పాకం, నెయ్యి రోజూ రెండు పూటలా అంటే ఏ గర్భిణికైనా ఎక్కువే. ఇరుగుపొరుగుకు పంచేయండి, ఆనవాయితీ కూడా అదే కదా. సున్నుండల్లో మినుములున్నాయి కనుక కాస్త నయం, రోజుకు ఒకటి చాలు. వీటన్నిటికీ ముందు చక్కెర పరీక్ష అయిందో లేదో చూసుకోండి. 75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటల తర్వాత రక్తం తీసేది. 140 లేదా అంతకు మించి వస్తే చలిమిడి విషయంలో నా ఉదారత వెనక్కి తీసుకుంటాను. థైరాయిడ్ తక్కువగా పనిచేసినా కొలెస్ట్రాల్ పెరుగుతుంది. ఆ పరీక్ష మీకు మొదటి నెలల్లోనే చేసి ఉంటారు, ఫైలు తిరగేయండి.

నూనె గురించి మీరు అడిగిన దానికంటే చెప్పని లెక్క నాకు ఆసక్తిగా అనిపించింది. లీటరు నూనె 910 గ్రాముల దాకా తూగుతుంది. 5 లీటర్లు నలుగురికి, 30 రోజులకు పంచితే తలకు రోజుకు 38 గ్రాములు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ గర్భిణికి సూచించే నూనె, నెయ్యి కలిపి రోజుకు 30 గ్రాములు. పెద్దగా శారీరక శ్రమ లేని మగవారికి 25, ఆడవారికి 20. ఆ ప్రకారం మీ నలుగురికి నెలకు 3 లీటర్లు దాటితే చాలు. మీ ఇంట్లో జరిగింది చూడండి: నలుగురిలో అందరికంటే ఎక్కువ వాటా ఉన్న మనిషికి చుక్క లేకుండా చేసి, తగ్గించుకోవలసిన ముగ్గురూ పోపులూ వేపుళ్లూ యథాప్రకారం కానిస్తున్నారు! ఈ పేరా అత్తయ్య గారికి చదివి వినిపించండి, నా మాటగానే.

పొద్దుతిరుగుడు నూనె చెడ్డదేమీ కాదు, అదొక్కటే ఏళ్ల తరబడి వాడటమే లోపం. దానిలో ఒమేగా-6 రకం కొవ్వు మెండు, ఒమేగా-3 రకం దాదాపు లేదు. ఈ నెల వేరుశనగ నూనె, వచ్చే నెల తవుడు నూనె, తాలింపుకు నువ్వుల నూనె, ఇలా మార్చుకోండి. పూర్తిగా మానేయవలసింది వనస్పతి, దానితో చేసిన బేకరీ సరుకు, మాడిన మూకుడులో పదిసార్లు కాగిన నూనెలో వేగిన బజ్జీలు. నూనెలు, వనస్పతిలో ట్రాన్స్ కొవ్వు (నూనెను గడ్డకట్టించేటప్పుడు పుట్టే హానికర కొవ్వు) 2 శాతం మించకూడదని 2022 జనవరి నుంచి మన దేశంలో నిబంధన ఉంది. కానీ బండి మీద మూకుడులోకి తొంగిచూసేవారెవరు? ఆ కొవ్వు మాయను దాటి బిడ్డకూ చేరుతుంది.

గుడ్డు ఈ రోజు నుంచే మొదలుపెట్టండి, పచ్చసొనతో సహా. తినే కొలెస్ట్రాల్ వల్ల రక్తంలో కొలెస్ట్రాల్ పెరిగేది చాలామందిలో స్వల్పమే. ఆ పచ్చసొనలో బిడ్డ మెదడుకు పనికొచ్చే కోలిన్ అనే పోషకం ఉంది, అది మన భోజనంలో వేరేచోట అంత సులువుగా దొరకదు. చేపలు వారానికి రెండుసార్లు తినండి. నెత్తళ్లు, కవళ్లు వంటి చిన్న సముద్రపు చేపలు చవక, వాటిలో డీహెచ్‌ఏ అనే కొవ్వు పుష్కలం. గర్భిణికి అది రోజుకు 200 మిల్లీగ్రాములు కావాలి. పులుసు పెట్టుకోండి, వేపుడు వద్దు. సొర చేప జోలికి పోకండి, పెద్ద చేపల్లో పాదరసం పేరుకుంటుంది. ఇది చదివే శాకాహారులకు: అవిసె గింజల పొడి చెంచాడు, నాలుగు అక్రోట్లు మంచివే. కానీ వాటి కొవ్వు డీహెచ్‌ఏగా మారేది చాలా తక్కువ. నాచు నుంచి తీసిన డీహెచ్‌ఏ గొట్టం మాత్రలు (క్యాప్సూళ్లు) దొరుకుతాయి, మీ డాక్టరును అడిగి వాడండి.

ఎప్పుడు భయపడాలో కూడా చెప్పాలి. ట్రైగ్లిజరైడ్లు 500 దాటితే మేము జాగ్రత్త పడతాం. 1000 దాటితే క్లోమగ్రంథి వాచిపోయే ప్రమాదం ఉంది, అది తల్లీబిడ్డలిద్దరి ప్రాణాల మీదికి తెస్తుంది. అలాంటివారి రక్తం గొట్టంలో కాసేపు నిలబెడితే పైన పాలు పోసినట్టు తెల్లగా తేలుతుంది. మీ 245కు అది చాలా దూరం. అయినా ఏ గర్భిణి అయినా సరే, పొట్ట పైభాగంలో మొదలై వీపులోకి పొడుచుకుపోయే నొప్పి, ఆగని వాంతులు వస్తే గ్యాస్ మాత్ర వేసుకుని పడుకోకూడదు. కుడి డొక్కలో నొప్పి, తలపోటు, కళ్ల ముందు మెరుపులు ఉంటే బీపీ వెంటనే చూపించాలి. అర్ధరాత్రి అయినా ఆసుపత్రికే.

కాన్పు అయ్యేదాకా ఈ కొలెస్ట్రాల్ పరీక్ష మళ్లీ చేయించకండి. తొమ్మిదో నెలలో చేస్తే అంకెలు ఇంకా పెరిగి కనిపిస్తాయి, మీ ఇంట్లో మళ్లీ అదే కంగారు. ప్రసవం తర్వాత ట్రైగ్లిజరైడ్లు కొన్ని వారాల్లో దిగుతాయి, కొలెస్ట్రాల్ ఇంకాస్త నిదానంగా. బిడ్డకు మూడు నెలలు నిండాక పరగడుపున వెళ్లి ఒక్కసారి రక్తం ఇవ్వండి. పాత ఆఫీసు రిపోర్టు కూడా వెంట ఉంచుకోండి. ఆ రోజు మీ వారిని కూడా టిఫిన్ చేయకుండా తీసుకెళ్లండి. నెలకు 5 లీటర్లలో ఆయన వాటా ఎంతో ఆయన రిపోర్టులోనూ చూడాలి.