బావగారి చర్చి వేరైంది, తోడికోడలితో మాట్లాడొచ్చా?

చెల్లెమ్మా, మీరు రాసిందంతా చదివాను. ట్రెజరర్‌గా ఉన్న మీ బావగారిని కానుకల లెక్కలు అడిగారని ఆయన అలిగి, కొంతమందిని తీసుకెళ్ళి పక్క వీధిలో వేరే ప్రార్థన పెట్టుకున్నారు. అప్పట్నుంచి మీ ఆయన 'ప్రత్యేకంగా ఉండమని వాక్యమే చెప్తోంది, నీకు దేవుడు కావాలో ఆ అక్క కావాలో తేల్చుకో' అంటున్నారు. బోరింగు దగ్గర తోడికోడలు ఎదురైతే 'వందనాలు అక్కా' అని కూడా అనలేక సగం నిండిన బిందెతోనే వచ్చేశానన్నారు చూడండి, అక్కడ నాకు చాలా బాధనిపించింది.

ముందు ఆ వాక్యం సంగతి. బైబిల్లో పౌలు రాసిన రెండో కొరింథీ పత్రిక 6లో 17వ వచనం ఒక్కటే తీసి చదివితే అలాగే ఉంటుంది, 14 నుంచి చదవమనండి, అక్కడ మాట అవిశ్వాసుల గురించి, విగ్రహాల గురించి, సొంత అన్న గురించి కాదు. అదే కొరింథు వాళ్ళని మొదటి పత్రికలో పౌలు 'నేను పౌలు మనిషిని, నేను అపొల్లో మనిషిని అంటున్నారే, క్రీస్తు ఏమైనా ముక్కలయ్యాడా' అని నిలదీశాడు. ఇది మన సంఘాల్లో భలే ప్రసంగిస్తారు, కమిటీ ఎన్నికలప్పుడే ఎవరికీ గుర్తురాదు!

అలాగని ఇంట్లో భేదాలు రావని ప్రభువు అనలేదు, తండ్రీ కొడుకూ అత్తా కోడలూ విడిపోతారని లూకా 12లో ఆయనే చెప్పాడు. కానీ అది ఆయన్ని వెంబడిస్తుంటే అయినవాళ్ళు కాదన్నప్పుడు వచ్చేది, రశీదు బుక్కు మీద వచ్చేది కాదు కదా. అందుకని మీ ఆయన్ని ఆదివారం చర్చి నుంచి వేడి మీద వచ్చినప్పుడు కాకుండా ఇంకో రోజు ఒక్కటే అడగండి, రేపు బావగారు లెక్కలు చూపించేస్తే మాట్లాడతారా అని. మాట్లాడతానంటే మరి గొడవ లెక్కలదే, మధ్యలో దేవుణ్ణి లాగక్కర్లేదు. లేదు అక్కడ తప్పు బోధ ఉందంటే బైబిల్ ముందు పెట్టుకుని ఇద్దరూ చూడండి, నిజమైతే ఆ ప్రార్థనకి వెళ్ళకండి, పలకరింపు మాత్రం ఆపక్కర్లేదు.

రెండు చర్చిలూ కలపాలన్న భారం మీ నెత్తినేసుకోకండి. మీ పుట్టిల్లు డోర్నకల్ వైపే అన్నారుగా, అక్కడి బిషప్ అజరయ్య గారు 1919లో తరంగంబాడిలో వేరే మిషన్ల వాళ్ళతో కూర్చుని ఐక్యత మాట ఎత్తితే ఆ సంఘాలు కలిసి సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) ఏర్పడేసరికి 1947 అయింది, అప్పటికి ఆయన పోయి రెండేళ్ళు దాటింది.

దొంగచాటుగా మాత్రం మాట్లాడొద్దు. 'చర్చికి మీతోనే వస్తా, అక్క కనపడితే పలకరిస్తా' అని ఆయనకి ముందే చెప్పేయండి. కోప్పడితే ఆ పూటకి వదిలేయండి, చెయ్యెత్తితే మాత్రం అది వాక్యం గొడవ కాదు, వెంటనే పుట్టింట్లో చెప్పండి, మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి.

క్రిస్మస్‌కి మామయ్యగారింట్లో ప్రార్థన ఎవరి పాస్టరుతో పెట్టించాలి అని అడిగారు. ఈసారి ఏ పాస్టరునీ పిలవకండి, పెద్దాయన్నే చేయమనండి, రెండిళ్ళ పిల్లల చేతా పాటలు పాడించండి, వంటకి మీరు కాస్త ముందే వెళ్ళండి, అక్క ఎలాగూ అక్కడే ఉంటుంది.