వీడియోలో మెరిసే కోరల్ అసలు రంగేది?

ప్రశ్న: చెన్నై నుంచి మెత్తని కోరల్స్ (రాతి గూడు కట్టని పగడపు జీవులు) తెప్పించుకోవాలని ఉంది. షాపువాళ్లు వాట్సాప్‌లో పంపే వీడియోల్లో అన్నీ నియాన్ రంగుల్లో ధగధగలాడుతున్నాయి. నా ఉప్పునీటి అక్వేరియం ట్యాంకుకు ఉన్నది తెల్ల ఎల్ఈడీ. ఇంటికొచ్చాక అదే రంగు ఉంటుందా?
- ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: ఉండదు. అవి నీలి లైటు కింద తీసిన వీడియోలు. కోరల్ ఒంట్లోని ఫ్లోరోసెంట్ ప్రోటీన్లు నీలి కాంతిని పీల్చుకుని ఆకుపచ్చగా, నారింజగా వెలుగుతాయి. తెల్ల లైటు వేయగానే ఆ మెరుపు వెలవెలబోయి, కణాల్లో ఉండే సూక్ష్మ నాచు గోధుమ రంగు పైకి తేలుతుంది. కొందరు లెన్సు ముందు పసుపు ఫిల్టరు కూడా పెడతారు.

అందుకే నీలి లైటు పూర్తిగా ఆపించి, పగటి వెలుగులాంటి 6500 కెల్విన్ తెల్ల లైటు కింద ఎడిటింగ్ లేని వీడియో అడగండి. కోరల్ పక్కనే ఒక తెల్ల పీవీసీ ముక్క పెట్టమనండి. వీడియో రాగానే ముందు ఆ ముక్కనే చూడండి. నీలంగా ఉంటే లైటు మార్చలేదన్నమాట. పసుపుగానో గులాబీగానో ఉంటే ఫిల్టరు పడింది. ముక్క తెల్లగా ఉంటేనే కోరల్ రంగును నమ్మవచ్చు. ఈ వీడియో పంపనన్న షాపులో కొనకపోవడమే మేలు.

మరీ పాలిపోయిన లేత రంగు చూసి ముచ్చటపడకండి. నాచును పోగొట్టుకుని నీరసించిన కోరల్ అలాగే ఉంటుంది. లెదర్ కోరల్ (తోలులా కనిపించే మెత్తని రకం) కాండం నుంచి, దాని మీద పువ్వుల్లా విచ్చుకునే చిన్న పాలిప్‌ల కొసల దాకా ఒకే గాఢమైన గులాబీ రంగులో ఉంటే అద్దకమేమోనని అనుమానించాలి. అద్దకం కాంతిని అడ్డుకుంటే లోపలి నాచుకు, దాని మీద బతికే కోరల్‌కూ తిండి తగ్గిపోతుంది.

రాతి కోరల్స్ (గట్టి రాతి గూడు కట్టేవి), సముద్రపు విసనకర్రలు (విసనకర్రలా పెరిగే సీ ఫ్యాన్ కోరల్స్) ఎంత చవగ్గా ఇస్తామన్నా తీసుకోకండి. అవి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. కొన్నా అమ్మినా నేరమే. మష్రూమ్, జోయాంథిడ్ (చిన్న పువ్వుల గుత్తిలా ఉండేది), లెదర్ వంటి మెత్తని రకాలకైనా కోరల్ పేరు రాసిన బిల్లు తీసుకోండి. జోయాంథిడ్‌లను గ్లవ్స్, కళ్లద్దాలు లేకుండా ముట్టుకోవద్దు. కొన్నింటిలో పాలిటాక్సిన్ అనే ప్రమాదకరమైన విషం ఉంటుంది.

ట్యాంకులో వేశాక లైటు సగం కంటే తక్కువలో మొదలుపెట్టి, రెండు మూడు వారాల్లో మెల్లగా పెంచండి. ఒక్కసారిగా పెంచితే రంగు పాలిపోతుంది. మరీ తక్కువ వెలుగులోనే ఉంచేసినా, నీళ్లలో నైట్రేట్ పేరుకున్నా నాచు పెరిగి కోరల్ గోధుమ రంగుకు తిరుగుతుంది. వీడియోలోని మెరుపే కావాలంటే సాయంత్రాలు వెలిగించడానికి విడిగా ఒక నీలి ఎల్ఈడీ పట్టీ బిగించుకోండి.