నవ్వాల్నా, కండ్లు మూసుకోవాల్నా?

పోయిన నెల ఈ పేజీల, కోయెన్ అన్నదమ్ములు తీసిన ఇంగ్లీష్ సినిమా ఫార్గో గురించి నాలుగు ముక్కలు రాసిన. నల్లగొండల మంచు సినిమా ఎవరు సూస్తర్లే అనుకున్న, గని మీరు సూసిండ్రు, సూసి ఊకోకుంట నన్ను తిట్టుకుంట మెసేజులు గూడ పెట్టిండ్రు. సూడనోళ్ల కోసం కథ రెండు మాటల్ల చెప్త. అమెరికాల మిన్నెసోట రాష్ట్రంల ఉన్న మినియాపొలిస్‌ల కార్లమ్మే జెర్రీ అనేటోడు పైసల కటకటల వడి, సొంత పెండ్లాన్ని కిడ్నాప్ చేయించి, ఆస్తులున్న మామ దగ్గర పైసలు గుంజుదామని ఇద్దరు దొంగలను మాట్లాడుకుంటడు, ఆడికెళ్లి అన్నీ ఉల్టా అయితయ్, శవం మీద శవం లేస్తది. కింద జవాబుల్ల ఆఖరు దాకా చెప్పేసిన, తర్వాత నన్ను అనొద్దు.

ప్రశ్న: అన్నా, మాది దేవరకొండ దిక్కు. ఇంట్ల నాలుగు బర్లున్నయ్, గడ్డి కోసే మిషన్ ఉంది. సినిమాల ఆ మిషన్లకెళ్లి తెల్ల సాక్సు తొడిగిన కాలు బయటికి కనవడంగనే నాకు పక్కున నవ్వొచ్చింది, ఎంబడే కడుపుల తిప్పింది. తెల్లారి మా మిషన్ స్విచ్ ఎయ్యవోతే చెయ్యాడలే. మా ఆవిడేమో "దానికి నవ్వుతవా, నువ్వు మనిషివేనా" అంటున్నది. నాకేమన్న అయిందా?

జవాబు: ఏం కాలే తమ్మీ, ముందుగాల పొయ్యి బర్లకు గడ్డెయ్యి. అది చెట్ల కొమ్మలను పొట్టు చేసే మిషన్, మనది గడ్డి మిషన్, అన్నదమ్ముల లెక్క ఉన్నయ్ గంతే. నువ్వు కాలు సూసి నవ్విన అనుకుంటున్నవ్ గని ఆ సీను మళ్లొకపారి యాద్ చేసుకో. పోలీసామె మార్జ్, ఏడు నెల్ల కడుపుతోని, తుపాకి వట్టుకొని పోలీస్ పోలీస్ అని ఒర్లుతది, ఆ మిషన్ సప్పుడుకు, అండ్ల శవాన్ని వెడ్తున్న రెండో దొంగకు ఇనవడది, అప్పుడామె టోపీ మీదున్న బిళ్ల దిక్కు వేలు పెట్టి సూపిస్తది, సూడయ్యా నేను పోలీసుని అన్నట్టు. ముంగట మనిషిని మిషన్ల వెడ్తుంటే ఈమె గుర్తింపు సూపించుకునే తిప్పలు ఈమెకు. నవ్వు ఆడికెళ్లి వస్తది.

మన దిక్కు సావైతే సూడలేదా? డప్పు కొడ్తరు, పాడె ముంగట పోరగాండ్లు ఎగుర్తరు, బిడ్డ నెత్తి కొట్టుకొని ఏడుస్తుంటే అల్లుడు ఒక దిక్కు టెంటోనితోని రేటు కాడ లొల్లి వెట్టుకుంటడు. ఆ లొల్లికి నవ్వొస్తది గని పోయినాయన మీద కాదు గద. ఈ సినిమా మొత్తం గా టెంటు లొల్లే. జెర్రీ దొంగలకు చెప్పింది 80 వేల డాలర్లు, అందుల సగం వాళ్లకు సగం వానికి, మామకు చెప్పిందేమో 10 లక్షలు, అంటే దొంగతనంల గూడ కమిషన్ తిందామని సూసిండు. సంచి ఇప్పంగనే అన్ని పైసలు కనవడేసరికి ఆ పొట్టి దొంగ కార్ల్‌కు మతి వోయింది, 80 వేలు పక్కకు తీసి మిగిలినయి రోడ్డు పక్క మంచుల బొంద వెట్టి, ఇటు సూస్తె మంచు అటు సూస్తె మంచు, ఒక్క తీరు కంచె, గురుతు కోసం అద్దం గీకే పుల్ల గుచ్చిపోయిండు (వంద ఎకరాల నల్లరేగడిల అగ్గిపుల్ల గుచ్చినట్టు). గన్ని పైసలు దాసినోడు, ఇంటికొచ్చి జెర్రీ ఇచ్చిన కొత్త కారు ఎవలకు అనే పంచాయితిల ఆ రెండో దొంగ గొడ్డలికి బలైండు. ఇగ ఆ మిషన్ల ఉన్నది వాని కాలే. మీ ఆవిడకు ఇదంత చెప్పు, ఒప్పుకోకపోతె ఒప్పుకోకపాయె, ఆమెకు అసహ్యం అనిపిస్తె అది గూడ తప్పు కాదు.

ప్రశ్న: సార్, షురూలనే ఇది నిజంగ జరిగిన కథ అని ఏసిండ్రు, 1987ల మిన్నెసోటల జరిగింది, బతికున్నోళ్ల కోసం పేర్లు మార్చినం, సచ్చినోళ్ల మీద గౌరవంతోని మిగతాది ఉన్నదున్నట్టు సూపించినం అని. నేను ఏడ్సినంత పని చేసిన. మా దోస్త్ అది అబద్దం అంటున్నడు. మిర్యాలగూడ నుంచి.

జవాబు: మీ దోస్త్ రైట్. ఆఖరుకు పేర్లన్నీ పోయేటప్పుడు సన్న అక్షరాలల్ల ఇందులోని మనుషులు, సంగతులు కల్పితం అని ఏసిండ్రు, గప్పటిదాక మనం ఆడ కూసుంటమా? 1986ల కనెటికట్ రాష్ట్రంల ఒకాయన పెండ్లాన్ని సంపి గసొంటి మిషన్ల ఏసిన కేసు నిజంగున్నది, ఆ ముక్క ఆడికెళ్లి తీసుకున్నరు, మిగిలింది చాన మటుకు కోయెన్ అన్నదమ్ములు కూసొని అల్లింది. నాకైతే ఇది కొంచెం మోసమే అనిపిస్తది. నిజమని నమ్మబట్టే మనం మొదట నవ్వనీకి జంకుతం, ఆ జంకు వాళ్లకు గావాలె. తెలివైన మోసం, గంతే.

ప్రశ్న: అన్నా, నేను నాగర్‌కర్నూల్ కాలేజీల లెక్చరర్‌ని. ఆ సినిమా వచ్చినప్పుడు మిన్నెసోటోళ్లు కొందరు మా యాసను ఎక్కిరించిండ్రు అని గుస్సా అయిండ్రంట. మనకు ఇంగ్లీష్ యాస ఏం తెల్వది గద, మనం ఎందుకు నవ్వుతున్నం?

జవాబు: అక్కా, ఈ ప్రశ్న కోసమే నేను సూస్తున్న. ప్రతి మాటకు "యా, యా" అని సాగదీసుడు, అది నార్వే స్వీడన్ దిక్కు నుంచి పోయి ఆడ బతికినోళ్ల నాలుక మీద మిగిలిన యాస, కోయెన్లు గూడ ఆ రాష్ట్రమోళ్లే, బయటోళ్లు కాదు. అయినా కాల్తది. కాలుడు ఎట్లుంటదో మనకు తెల్వదా? ఎన్నేండ్లు తెలుగు సినిమాల మన యాస రౌడీకన్న పెట్టిండ్రు, లేకపోతె జోకర్‌కన్న పెట్టిండ్రు, హీరో మాత్రం పుస్తకంల లెక్క మాట్లాడ్తడు. నేను సిన్నగున్నప్పుడు టాకీసుల పక్కోళ్లతోని నేను గూడ నవ్విన, ఇంటికొచ్చినంక మా అమ్మ గట్లనే మాట్లాడుతుంటె ఏందో అయింది. 2017ల ఫిదా వచ్చి బాన్సువాడ పిల్ల హీరోయినై గదే యాసల దబాయిస్తె అప్పుడు పానం నిమ్మలమైంది.

అందుకే ఫార్గోను నేను మాఫ్ చేసిన. అండ్ల జెర్రీ ఆ యాసే మాట్లాడ్తడు, కేసును పట్టుకున్న మార్జ్ గూడ ఆ యాసే మాట్లాడ్తది. అందర్ల తెలివైన మనిషి ఆమెనే. యాస ఒక్క ఎదవకే అంటగట్టలేదు. ఆ వేషం కట్టిన ఫ్రాన్సిస్ మెక్‌డోర్మాండ్‌కు ఉత్తమ నటి ఆస్కార్ గూడ వచ్చింది.

ప్రశ్న: మా పెద్దోడు ఇంటర్ సెకండియర్. మొకానికి ముసుగున్న ఆడామె మంచుల ఎటు పోవాల్నో తెల్వక ఉరుకుతుంటె పడిపడి నవ్విండు. నాకు భయమైతుంది బాబూ. కల్వకుర్తి.

జవాబు: అమ్మా, గా సీన్‌కు నేను గూడ మొదట నవ్విన, అబద్దమెందుకు. రెండోసారి సూసినప్పుడు తెలిసింది, ఆడ తెర మీద నవ్వేటోడు ఒక్కడే ఉన్నడు, కిడ్నాప్ చేసిన కార్ల్. అంటె నేను వాని పక్కన నిలవడి నవ్విన్నట్టు. మీ పెద్దోన్ని కోప్పడకుంట గా ఒక్క సీన్ మళ్లీ పెట్టి "ఇండ్ల నవ్వుతున్నదెవర్రా" అని అడుగుండ్రి, ఏమంటడో నాకు గూడ రాయుండ్రి. ఇంకోటి, అమెరికాల దీనికి ఆర్ రేటింగ్ ఇచ్చిండ్రు, పిల్లలకు కాదు. మన దగ్గర 2021 రూల్స్ లెక్కన ఓటీటీలల్ల యూఏ 13+ నుంచి పైకి లాక్ పెట్టుకునే సౌలత్ ఉండాలె. సిన్నోడుంటె అది పెట్టుండ్రి, పెద్దోనికి పెట్టినా ఇప్పుకుంటడు.

ప్రశ్న: ఆఖరు సీన్ అర్థం కాలే. గన్ని సావులైనంక మొగుడు పెండ్లాం మంచంల కూసొని స్టాంపు గురించి ముచ్చట వెడ్తరేంది? సూర్యాపేట.

జవాబు: మార్జ్ మొగుడు గీసిన బాతు బొమ్మ స్టాంపుకు సెలెక్టైంది, కని అది 3 సెంట్ల స్టాంపు మీద, పెద్ద స్టాంపు ఇంకోనికి వోయింది, అందుకు మొకం మాడ్సుకున్నడు. ఆమె ఏమంటదంటె, రేట్లు పెరిగినప్పుడల్ల పాత స్టాంపుల పక్కన అతికించనీకి అందరికి చిన్న స్టాంపులే గావాలె గదా అని. తర్వాత ఇంకో రెండు నెలలు అనుకుంట ఇద్దరు కడుపు మీద చెయ్యేసుకుంటరు.