ఆ 88 శాతం దేనిది?

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. చదివించే గుణం నీ వాక్యానికి ఉంది. కానీ "మూలకణాలతో చూపు తెప్పించిన కృత్రిమ మేధ" అన్న శీర్షిక దగ్గరే ఆగిపోయాను. అది తీసేయాలి.

జరిగిందేమిటో మళ్లీ చూడు. జపాన్‌లోని రికెన్ సంస్థ పరిశోధకులు ఐపీఎస్ కణాలను, అంటే ఏ కణంగానైనా మారగలిగేలా వెనక్కి మళ్లించిన ముదిరిన కణాలను, రెటీనా వెనుక పొరగా ఉండే రంగు కణాలుగా మార్చే పనిని ఒక రోబోకు అప్పగించారు. ఏ ద్రావణం ఎంత పోయాలి, ఎన్నాళ్లు ఉంచాలి వంటివన్నీ కలిపితే 20 కోట్ల రకాలుగా చేయవచ్చు. ప్రతి విడత ఫలితాన్నీ బట్టి, తర్వాత వేటిని ప్రయత్నించాలో కృత్రిమ మేధ ఎంచుకుంది. 111 రోజుల్లో 143 పద్ధతులు పరీక్షించి, మునుపటి కంటే 88 శాతం మెరుగైన ఫలితం రాబట్టింది. 2022లో ప్రచురించారు. ఆ 88 శాతం, పాత్రలో పెరిగిన కణాలకు రంగు ఎంత పట్టిందన్న కొలత. చూపుకు సంబంధించింది కాదు. ఆ ప్రయోగంలో రోగులే లేరు.

అంతమాత్రాన అది చిన్న విజయం కాదు. ఒకే కొలతలతో కలిపినా ఇద్దరి ఆవకాయ ఒకేలా ఉండదు. కణాల పెంపకంలోనూ అంతే, ఏళ్ల అనుభవంతో వచ్చే చేతి నేర్పుదే పెద్ద పాత్ర. ఆ నేర్పును యంత్రం వెతికి పట్టుకోవడమే ఇక్కడి అద్భుతం. దాన్నే రాయి.

ఈ ఐపీఎస్ కణాలను మొదట తయారుచేసిన జపాన్ శాస్త్రవేత్తలు యమనక, తకహాషిల 2006 నాటి ప్రయోగాన్ని మాత్రం ఒక్క వాక్యంలో దాటేశావు. నాకు బాధ కలిగింది. క్యోటోలో వాళ్లు 24 జన్యువులను ఎలుక కణాల్లోకి ఒకేసారి పంపారు. ఫలితం వచ్చాక ఒక్కోదాన్నీ తప్పిస్తూ, ఏది లేకపోతే పని ఆగుతోందో చూశారు. చివరికి నాలుగు చాలని తేలింది. ముదిరిన కణం మళ్లీ ఏ కణంగానైనా మారగల స్థితికి వెళ్లింది. ఇంత సూటి ఆలోచన పాఠకుడికి కళ్లకు కట్టాలి, కనీసం రెండు పేరాలు ఇవ్వు.

2014లో కోబెలో ఒక వృద్ధురాలికి ఐపీఎస్ కణాల నుంచి చేసిన రంగు కణాల పొరను కంటిలో అమర్చారని రాశావు. తర్వాతి రోగికి సిద్ధం చేసిన కణాల్లో జన్యు మార్పులు కనబడి, అమర్చకుండా ఆపేశారని రాయలేదు. ఆపడం కూడా విజ్ఞానమే.

ఎందుకింత పట్టుబడుతున్నానంటే, చాలా ఏళ్ల క్రితం నా వ్యాసం చదివి ఒక తండ్రి ఫోన్ చేశాడు. కూతురికి చూపు తగ్గిపోతోంది. వైద్యం ఏ ఊళ్లో చేస్తారు, పొలం అమ్మితే సరిపోతుందా అని అడిగాడు. నా వ్యాసంలో "త్వరలో" అన్న మాట ఉంది. అది ఏ పరిశోధకుడూ అన్నది కాదు, నేను చేర్చింది.

సవరించిన ప్రతి ఆదివారంలోగా పంపు. 88 శాతం పక్కన "రంగు" అన్న మాట ఉందో లేదో ముందు చూస్తాను.