ఏడు రోడ్ల కూడలికి రా, ప్రసన్నా

ప్రసన్నా,

చూపు తగ్గినవారికి దారి చెప్పే యాప్ తయారు చేస్తున్నావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. ఎంత పొంగిపోయానో, అంత భయమూ వేసింది. నీ మాట నమ్మి ఒక మనిషి నడిరోడ్డు మీద అడుగు వేస్తాడు తల్లీ. తెల్లకర్రతో నడక నేర్పుతూ ఉద్యోగమంతా గడిపినదాన్ని, చెప్పకుండా ఉండలేను.

అక్షరాలు పెద్దవిగా ఉండాలి, రంగుల తేడా కొట్టొచ్చినట్టు ఉండాలి, తెరమీద ఉన్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్‌తో పనిచేయాలి. ఇవి నీకు తెలిసినవే.

చాలా ఏళ్ల క్రితం ఒక బృందం కడపకు దారి చెప్పే పరికరం తెచ్చింది. చూపున్న విద్యార్థుల కళ్లకు గంతలు కట్టి దాన్ని పరీక్షించారట. గంతలు కట్టుకుంటే అంతా చీకటే కదా! అందుకని ఆ పరికరానికి స్క్రీనే లేకుండా చేసి, అడుగడుగునా మాట్లాడేలా చేశారు. కానీ మా దగ్గరికి వచ్చేవారిలో ఎక్కువమందికి ఎంతో కొంత చూపు ఉండేది. నీటికాసులతో పక్కచూపు పోయినవారికి ఎదురుగా ఉన్న బోర్డు కనిపిస్తుంది, పక్కనుంచి వచ్చే స్కూటర్ కనిపించదు. రెటీనా మధ్యభాగం దెబ్బతిన్నవారికి ఎదుటి ముఖం చెరిగిపోయి, చుట్టుపక్కల మిగులుతుంది. శుక్లాలున్నవారికి మన మే నెల ఎండే పెద్ద శత్రువు. ఆ పరికరం వీళ్లెవరినీ లెక్కలోకి తీసుకోలేదు. ఒక పెద్దాయన మూత లేని మురుగుకాలువలో పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. "ముందు నల్లగా ఏదో కనిపించింది మేడమ్, కానీ అది నేరుగా వెళ్లమంది" అన్నాడు ఆసుపత్రిలో. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నాకు కోపం ఆగదు. ఆయన కన్ను సరిగ్గానే చెప్పింది, ఆ యంత్రమే దాని నోరు నొక్కింది.

ఆకాశం తేటగా కనిపించే చోట కూడా ఫోనులోని జీపీఎస్ దాదాపు 5 మీటర్లు అటూ ఇటూ అవుతుంది. అంటే మనిషి రోడ్డుకు ఏ పక్కన ఉన్నాడో దానికి తెలియదు. కాబట్టి "ఇప్పుడు దాటండి" అని నీ యాప్ ఎప్పుడూ అనకూడదు. మన కడప ఏడు రోడ్ల కూడలిలో "ఎడమకు తిరగండి" అంటే ఏ ఎడమ? ఎదురుగా ఉన్నది పన్నెండు అనుకుని, గడియారం లెక్కన "పది గంటల వైపు" అని చెప్పించు. మలుపు వచ్చిందని ఫోను వణికితే చాలు, ఆటో చప్పుడు వినడానికి చెవులు ఖాళీగా ఉండాలి.

బెంగళూరు గదిలో కూర్చుని ఇదంతా తేల్చేయకు. మే నెలలో ఇక్కడికి రా. నడిచి చూసేవారిని నేను పిలుస్తాను, వాళ్ల రోజు కూలి నువ్వు ఇవ్వాలి. వాళ్ల చెయ్యి పట్టుకుని లాగకు, నీ మోచెయ్యి వాళ్లే పట్టుకుంటారు. టోపీ మరచిపోకు, నీకు ఎండ పడదు.

నీ అత్త