పాఠకుల ప్రశ్న: హెచ్‌పీవీ-18 మీట ఎవరి చేతిలో ఉంది?

ప్ర: గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెచ్చే వైరస్ హెచ్‌పీవీ-18 సోకిన అడుగు పొర కణాల్లో, క్యాన్సర్‌కు దారితీసే దాని ఈ6, ఈ7 జన్యువులు అణిగి ఉంటాయి, పై పొరలకు వచ్చేసరికి జోరందుకుంటాయి. ఈ తేడా ఎందుకు? హీలా కణాల్లో (ఇదే వైరస్ ఉన్న గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నుంచి తీసి ప్రయోగశాలల్లో పెంచుతున్న కణాలు) పరీక్షించవచ్చా?
– ఒక పరిశోధక విద్యార్థి

జ: తేడా తెచ్చేది కణమే. 7,857 బేస్ జతల ఆ వైరస్ గుండ్రటి డీఎన్‌ఏలో, జన్యువులను చదివే ఎంజైమ్ ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్‌కు జన్యువే లేదు. కణానికి చెందిన ఎస్‌పీ1, ఏపీ1 వంటి ప్రోటీన్లు వైరస్ డీఎన్‌ఏలోని నియంత్రణ ప్రాంతం మీద చేరితేనే ప్రమోటర్ (ఈ6, ఈ7 చదవడం మొదలయ్యే చోటు) కదులుతుంది.

అసలు ఆసక్తికరమైనది అణచివేత. వైరస్ ఈ2 జన్యువులో, దాదాపు 2,990వ బేస్ దగ్గర, కణపు ప్రోటీన్ సీటీసీఎఫ్ అంటుకుంటుంది. నియంత్రణ ప్రాంతం మీద కణపు మరో ప్రోటీన్ వైవై1 ఉంటుంది. రెండూ కలుసుకుంటే డీఎన్‌ఏ మెలిక పడుతుంది, ప్రమోటర్ మూతపడుతుంది. కణం పై పొరలకు చేరి ముదిరేకొద్దీ వైవై1 తగ్గి మెలిక విడిపోతుంది. సీటీసీఎఫ్ అంటుకునే చోటును మార్చి చూస్తే ఈ6, ఈ7 పెరిగాయి. అణచివేతకు సీటీసీఎఫ్ అక్కడ అంటుకోవడం అవసరమనడానికి ఇది సూటి సాక్ష్యం, మెలికే కారణమని మాత్రం ఇదొక్కటే తేల్చదు.

హీలా కణాలు మాత్రం దీనికి పనికిరావు. వాటిలో వైరస్ డీఎన్‌ఏ తెగి మనిషి క్రోమోజోములో కలిసిపోయింది, ఈ2 జన్యువు చెడింది. కణపు ప్రోటీన్ బ్రడ్4 తోడుతో ఈ2 ప్రోటీన్ వేసే బ్రేకు అక్కడ లేదు. గుండ్రటి డీఎన్‌ఏ చెక్కుచెదరకుండా ఉన్న కెరాటినోసైట్లు (చర్మం వంటి పై పొరల కణాలు) తీసుకోండి. అవి ముదిరేలా 1.5 శాతం మిథైల్‌సెల్యులోజ్ చిక్కటి ద్రవంలో 48 గంటలు ఉంచి, ముదిరిన కణాల గుర్తు అయిన ఇన్వోలుక్రిన్ ప్రోటీన్ పెరిగిందో లేదో ముందు చూసుకోండి. అది పెరగకపోతే కణాలు ముదరలేదన్నమాట, మిగతా పని వృథా.

వైవై1 కోసం చిప్ (ప్రోటీన్ డీఎన్‌ఏ మీద ఎక్కడ ఉందో యాంటీబాడీతో పట్టి చూసే పరీక్ష) చేసేటప్పుడు, రెంటినీ అతికి ఉంచడానికి 1 శాతం ఫార్మాల్డిహైడ్ 10 నిమిషాలు చాలు. తర్వాత 125 మిల్లీమోలార్ గ్లైసిన్‌తో ఆపేయాలి. ఎక్కువసేపు ఉంచితే క్రొమాటిన్ (ప్రోటీన్లతో కలిసిన డీఎన్‌ఏ) సరిగా తెగదు, యాంటీబాడీ పట్టుకునే చోటూ కప్పుకుపోతుంది. తునకలు 200–500 బేస్‌లు ఉండాలి. జన్యుసముదాయమే 8 వేల లోపు కాబట్టి, 1,000 దాటిన తునకలతో పక్క ప్రాంతపు సంకేతం కూడా కలిసిపోతుంది.

చాలామంది దెబ్బతినేది లెక్కలో. ముదిరిన కణాల్లో వైరస్ డీఎన్‌ఏ ప్రతులు బాగా పెరుగుతాయి. ప్రతి నమూనానూ దాని ఇన్‌పుట్‌తోనే (యాంటీబాడీ వేయకముందు తీసి ఉంచిన డీఎన్‌ఏ) భాగించకపోతే, తగ్గిన వైవై1 తగ్గనట్టే కనిపిస్తుంది. ఐజీజీ కంట్రోల్ (వైవై1ను పట్టని మామూలు యాంటీబాడీతో చేసే పోలిక) కూడా తప్పనిసరి.

ఇంకొకటి, చిప్ చెప్పేది ప్రోటీన్ ఎక్కడ ఉందన్నది మాత్రమే. మెలిక పడిందని తేల్చాలంటే 3సీ (దగ్గరగా చేరిన డీఎన్‌ఏ ముక్కలను లైగేజ్ ఎంజైమ్‌తో అతికించి గుర్తించే పరీక్ష) చేయాలి, పక్కన లైగేజ్ వేయని నమూనా కూడా పోలికకు నడపాలి.